వినని పాటకు నూరు మార్కులు

శ్రవణాభివృద్ధి మండలి అధ్యక్షులవారు ఒకానొక వేసవిలో కారులో రెండున్నర గంటలు ప్రయాణం చేశారు. ఆ రెండున్నర గంటల్లో రేడియోలో ఒకే సినిమా పాట ఐదుసార్లు వచ్చింది. మొదటిసారి ఆయన తల ఊపారు. రెండోసారి వేళ్ళతో తాళం వేశారు. మూడోసారి కిటికీలోంచి బయటికి చూశారు. ఐదోసారి వచ్చేటప్పటికి కారు ఆపించి, దిగి, రోడ్డు పక్కన నిలబడి, ఈ రాష్ట్రంలో ఇంకో పాటే లేదా అని డ్రైవరును అడిగారు. తనకు తెలియదన్నాడు డ్రైవరు. అధ్యక్షులవారికీ తెలియక, డ్రైవరుకూ తెలియదంటే, అది తప్పకుండా సంఘం వేయవలసిన విషయమే.

వేశారు. రేడియోలు పట్టించుకోని మంచి సంగీతాన్ని వెతికి పట్టుకుని మండలి సొంత రేడియోలో వినిపించాలన్నది ఆశయం. ఆశయంలో వంకపెట్టడానికి ఏమీ లేదు. చిక్కంతా 'మంచి' అన్న మాట దగ్గర వచ్చింది. ఏది మంచి సంగీతమో తేల్చడానికి సంఘం పదకొండుసార్లు కూర్చుంది. రాగం ఉండాలన్నారు ఒకరు. భావం ఉండాలన్నారు ఇంకొకరు. తన మేనకోడలు ఉండాలన్నారు మరొకరు. పన్నెండోసారి కూర్చున్నప్పుడు సంచాలకులు పరాంకుశరావుగారు గొంతు సవరించుకున్నారు.

"రేడియోలో వచ్చేదాన్ని అందరూ వింటున్నారు. అది బాగులేదని మనం ఏకగ్రీవంగా తీర్మానించి ఉన్నాం. కావున అందరూ వినేది బాగులేనిది. దీన్నిబట్టి కొందరే వినేది కొంత బాగున్నది. ఎవరూ విననిది సర్వోత్తమమైనది. సభ్యులు పరిశీలించగోరుతున్నాను."

సభ్యులు పరిశీలించారు. భోజనాలు వచ్చేశాయి కనుక ఎవరికీ తప్పు కనపడలేదు.

ఆ విధంగా 'అశ్రుత సూచిక' పుట్టింది. అశ్రుతమంటే విననిది. పాటను ఎంత తక్కువమంది విని ఉంటే దానికి అంత ఎక్కువ మార్కులు. ఒక్కరూ వినకపోతే నూటికి నూరు. ఇక మిగిలింది శ్రోతల్ని లెక్కపెట్టడమే. అందుకోసం మత్స్యశాఖ నుంచి గొర్లె వైకుంఠరావును డెప్యుటేషను మీద తెచ్చుకున్నారు.

వైకుంఠరావు ఇరవై ఆరేళ్ళు చెరువుల్లో చేపపిల్లల్ని లెక్కపెట్టిన మనిషి. నీళ్ళ అడుగున కంటికి కనపడనివాటినే లెక్కపెట్టినవాడు, రోడ్డు మీద నడిచే శ్రోతల్ని లెక్కపెట్టలేడా అని పరాంకుశరావుగారు అనుకున్నారు. సంగీతమంటే వైకుంఠరావుకు ప్రేమా లేదు, పగా లేదు. ఇంట్లో భార్య రేడియో పెడితే వినేవాడు, కట్టేస్తే ఊరుకునేవాడు. ఈ నిష్పాక్షికత పరాంకుశరావుగారికి బాగా నచ్చింది.

చెరువులో చేపల్ని లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. పాతిక చేపల్ని పట్టి, రెక్క మీద గుర్తు పెట్టి, తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. వారం పోయాక మళ్ళీ వల వేస్తారు. పడినవాటిలో గుర్తున్నవి ఎన్నో చూసి, మొత్తం చెరువులో ఎన్నున్నాయో చెప్పేస్తారు. వైకుంఠరావుకు తెలిసిన పద్ధతి అదే కాబట్టి అదే అమలుచేశాడు. ఒక ఊళ్ళో ఒక పాట విన్నవాళ్ళను పాతికమందిని పట్టుకుని, ఎడమచేతి చిటికెనవేలికి ఎర్రసిరా పూసి, ఊళ్ళోకి వదిలేసేవాడు. వారం పోయాక సంత రోజున దారి కాచి, పాట విన్నామని చెప్పినవాళ్ళందరి వేళ్ళూ చూసేవాడు. మొదట్లో జనం భయపడ్డారు. తర్వాత అలవాటుపడి, బస్సు దిగగానే చేతులు చాపి నిలబడేవాళ్ళు.

దరఖాస్తులు బాగానే వచ్చాయి. ఒక హార్మోనియం మాస్టారు భార్యను సాక్షిగా వెంటబెట్టుకొచ్చాడు. "ముప్పయ్యేళ్ళ కాపరంలో ఈయన పాట ఒక్కనాడు వినలేదండి. పెట్టె తెరవగానే నేను బావి దగ్గరికి వెళ్ళిపోతాను" అందావిడ. మాస్టారు గర్వంగా తల పైకెత్తాడు. ఆయనకు తొంభైనాలుగు పడ్డాయి. మూడు పెళ్ళిళ్ళలో గెంటించుకున్న బ్యాండు మేళానికి ఎనభైఎనిమిదే వచ్చాయి. గెంటినవాళ్ళు గెంటే ముందు కాస్త విన్నారు కాబట్టి. అందరికంటే ఎక్కువ వచ్చింది ఒక రిటైర్డు సర్వేయరుకు. ఆయన పాట ఇంకా కట్టలేదు, మనసులో ఉంది. నూటికి నూరు. టౌన్ హాల్లో శాలువా కప్పి సన్మానం చేశారు. ఆనందం పట్టలేక ఆయన ఆ పాటలో ఒక చరణం ఇక్కడే కట్టి పాడతానని మైకు అందుకోబోతే, పరాంకుశరావుగారు స్వహస్తంతో ఆయన నోరు మూసి కుర్చీలో కూర్చోబెట్టారు. సభ కరతాళధ్వనులు చేసింది.

ఇక రేడియో కార్యక్రమం. గురువారం పొద్దున్న ఏడు గంటలకు అరగంట. పేరు 'అశ్రుత మంజరి'. ఇక్కడొక సున్నితమైన సమస్య ఉంది. పాట వినిపిస్తే జనం వింటారు, వింటే సూచిక పడిపోతుంది, పడిపోయిన పాటను వినిపించే అధికారం మండలికి లేదు. అందుచేత అనౌన్సరు పాట పేరు, పాడినవారి పేరు, ఊరి పేరు చదివి, "ఈ పాటను ఇప్పుడు మీకు వినిపించడం లేదు" అని చెప్పి, పాట ఎంతసేపు ఉంటుందో అంతసేపు మౌనంగా ఉండేది. ఆర్నెల్లలో శ్రోతల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. తక్కిన రేడియోలకు రోజుకు పది వస్తాయి. వార్షిక నివేదికలో ఈ విషయం లావుపాటి అక్షరాల్లో వేశారు.

ఇంత జరుగుతున్నా వైకుంఠరావుకు ఏ పాటతోనూ పేచీ రాలేదు. పదకొండో నిబంధన ప్రకారం ఏ పాటనైనా ఒకసారి యంత్రంలో పట్టి, లక్క సీలు వేసి భద్రపరచాలి. పట్టే ఉద్యోగి చెవుల్లో దూది పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే శ్రోతల సంఖ్య ఒకటి పెరుగుతుంది, అందులోనూ ప్రభుత్వోద్యోగి. వైకుంఠరావు ఈ నిబంధనను తు.చ. తప్పకుండా పాటించేవాడు. గంగరాజుపేట సత్రం మేడ ఎక్కేదాకా.

గంగరాజుపేటలో పాత సత్రం కప్పు కారుతోంది. ఎవరో పట్టుబట్టి, సిమెంటు వేయనివ్వకుండా, పాతకాలం పద్ధతిలో సున్నం గచ్చే వేయిస్తున్నారు. సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టాలి. పన్నెండుమంది ఆడవాళ్ళు వరసగా గొంతుకూర్చుని కొడుతున్నారు. కొట్టేటప్పుడు పాట పాడతారని కబురు వచ్చింది. వైకుంఠరావు చెవుల్లో దూది కుక్కుకుని, యంత్రం పట్టుకుని మెట్లెక్కాడు.

మేడ మీద ఏప్రిల్ ఎండ. పది నిమిషాలకు చెమట చెవుల్లోకి కారి, దూది తడిసి ముద్దయింది. తుడుచుకుందామని ఒక చెవిలోది తీశాడు. అంతే, మళ్ళీ పెట్టుకోలేదు.

వరసకు మొదట కూర్చున్న ఆవిడ పాడుతోంది. అరవై దాటిన మనిషి. పేరు బోర గున్నమ్మ. గొంతు బొంగురుగానే ఉంది, అయినా పన్నెండు చెక్కలూ ఆ గొంతు వెనకాలే నడుస్తున్నాయి.

*ఎండ నెత్తిని కూకున్నాదే, ఏటి సేతుమె వదినా*

ఆ తర్వాత ఎవరూ పాడలేదు. నాలుగు దెబ్బలు ఉత్తినే పడ్డాయి. తర్వాత మళ్ళీ ఆవిడే.

*మేడ మీద మేడ కడితిమే, మనకేది నీడ వదినా*

మళ్ళీ నాలుగు దెబ్బలు, ఖాళీగా.

*గచ్చు గట్టిపడిపోతాదే, గొంతు ఏటవుద్ది వదినా*

నాలుగు దెబ్బలు. వైకుంఠరావు మెడ ముందుకు చాపి ఎదురుచూశాడు. జవాబు రాలేదు. ఆయనకు జీవితంలో మొదటిసారి ఒక పాట తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలనిపించింది. నిజంగా, దాహమేసినట్టు అనిపించింది.

పని ఆపి నీళ్ళు తాగుతున్నప్పుడు గున్నమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, ఒక సెవిలో దూదెట్టినావు? సెవిపోటా?"

"కాదమ్మా. ప్రభుత్వం."

ఆవిడ అర్థమైనట్టే తల ఊపింది.

"మీరు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పరేంటమ్మా?" అన్నాడు.

"సెప్పీది పోలమ్మ. మజ్జి పోలమ్మ. నాను అడగడం, అది సెప్పడం. ముప్పై ఊళ్ళలో మేడలన్నీ ఇద్దరం అలాగే కొట్టినాం. దానికి జవాబులు ముందే ఉండవు బాబూ. అప్పటికప్పుడు కట్టీది. ఏ మేడకా జవాబే. ఇంకోలికి రావు."

"ఆవిడ లేరా?"

"ఎందుకు నేదు, సుబ్బరంగా ఉంది. పన్నెండేళ్ళయింది మాటల్నేవు. రైసుమిల్లు మేడ మీద నాను, ఊరు మెచ్చిన గొంతెవులిదే వదినా అని పాడినాను. అడిగినోల్ది కాదులేయే, ఆ పక్కనున్నోల్దే అనీసినాది. మేడ మీదోళ్ళంతా కిసుక్కున నవ్వినారు. నాకు వొళ్ళు మండిపోయింది. దాని కరక్కాయ నీళ్ళ కుండ కిందికి తన్నీసినాను. ఇంక నీ గొంతు నా సెవిని పడనివ్వనని దాని సెల్లెలి ఊరెల్లిపోనాది."

కాసేపు చేతిలోని చెక్కను తిప్పి చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు రేడియోవోడివే కదా? అది పొద్దుటేల నుంచీ సెవి దగ్గిర రేడియో ఎట్టుకునే ఉంటాదట. ఎదర నిలబడి పాడితే తలుపేసుకుంటాది. రేడియోలో వొస్తే ఏటి సేస్తాది? నాదని పోల్చీసరికే ఇనీసుంటాది. ఒక్క పాలి ఏయించు బాబూ. తిడితే తిడతాది. అది తిట్టినా నాకు పరవానేదు. పన్నెండేళ్ళ బట్టి దాని తిట్టు కూడా నేదు నాకు."

వేయిస్తానన్నాడు వైకుంఠరావు. అనేశాక మెట్లు దిగుతూ మండలి రేడియో సంగతి గుర్తొచ్చి, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

ఆఫీసుకొచ్చి నిబంధనల పుస్తకం మొదటిసారి మొదట్నుంచీ చివరిదాకా చదివాడు. పంతొమ్మిదో నిబంధనలో చిన్న సందు దొరికింది. తొంభైఎనిమిది మార్కులు దాటిన పాటను ప్రజాహితార్థం వార్షికోత్సవం నాడు ఒక్కసారి వినిపించవచ్చు. కానీ ముప్పై ఊళ్ళు విన్న పాటకు తొంభైఎనిమిది ఎక్కడివి? చేపల లెక్కన చూస్తే ఆరువేల నాలుగు వందలమంది శ్రోతలు తేలారు. మార్కులు సున్నా.

రెండు రోజులు ఆలోచించి వైకుంఠరావు ఒక నోటు రాశాడు. సదరు పాటలో సగం ప్రశ్నలు, సగం జవాబులు. జవాబులు ఏ మేడకు ఆ మేడ కొత్తగా కట్టవలసినవి. సత్రం మేడకు సంబంధించిన జవాబులు ఇంతవరకు ఎవరూ కట్టలేదు, పాడలేదు, వినలేదు. కాబట్టి ఆ సగానికి శ్రోతలు శూన్యం. ముఖ్యమైన సగం అదే కనుక పాటకు తొంభైఎనిమిదిన్నర ఇవ్వవచ్చును.

పరాంకుశరావుగారు నోటును రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "వైకుంఠరావుగారూ, ఇప్పటిదాకా మనకు దొరికినవి జనం వినడానికి ఇష్టపడని పాటలు. ఇది జనం ఎదురుచూస్తున్నా వినపడని పాట. ఇది ఉన్నతశ్రేణి అశ్రుతం. సంఘం స్వయంగా సందర్శించాలి."

సంఘం సందర్శించింది. పరాంకుశరావుగారు, సంగీత నిపుణులు ఆచార్య వేదగిరిగారు, ఇంకొక సభ్యులు, మేడ మీద షామియానా కింద కుర్చీల్లో, చెవుల్లో దూదితో కూర్చున్నారు. గున్నమ్మ పెద్దవాళ్ళు వచ్చారని తలంటుకుని, ఉతికిన చీర కట్టుకొచ్చింది. ముప్పావు గంట ప్రాణం పెట్టి పాడింది. ముగ్గురూ ఆవిడ నోటి వంక చూస్తూ కాగితాల మీద మార్కులు వేశారు. వేదగిరిగారు తాళం కూడా వేశారు, కాకపోతే ఆ తాళం ఆయన సొంతం. "గాయని నోరు తెరిచిన తీరు శాస్త్రీయంగానే ఉన్నది. కనుబొమలలో కరుణరసం గమనించాను" అని అభిప్రాయం రాశారు. మొత్తం తొంభైతొమ్మిది వచ్చాయి.

వైకుంఠరావు సంతోషం రెండు రోజులు నిలిచింది. మూడోనాడు ఉత్తర్వు వచ్చింది. "ఇంతటి అమూల్యమైన అశ్రుతాన్ని వార్షికోత్సవం పేరిట పదిమందికీ వినిపించి పాడుచేయుట మండలి ఆశయాలకు విరుద్ధము. కావున సదరు పాటను రక్షిత అశ్రుతముగా ప్రకటించడమైనది. ఇకపై దానిని ఎవరూ పాడరాదు. పాడినచో ఎవరూ వినరాదు." సత్రం గోడకు బోర్డు తగిలించారు. కింద ఒక కానిస్టేబులును వేశారు.

పాట ఆగింది, పని ఆగలేదు. పన్నెండు చెక్కలు పన్నెండు రకాలుగా పడ్డాయి. ఒకచోట గచ్చు రాయిలా గట్టిపడింది, పక్కనే వేలు గుచ్చితే దిగింది. మేస్త్రి తల పట్టుకుని, ఇది మేడ కాదు సముద్రమన్నాడు. నిజంగానే అలలు లేచినట్టు ఉంది.

గున్నమ్మ వైకుంఠరావును చూసి లేవలేదు. కోపంగా కూడా మాట్లాడలేదు. "రేడియోలో ఏయిస్తానన్నావు. ఉన్న నోరు కట్టీసినావు బాబూ" అంది, అంతే. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పైవాళ్ళు పెట్టిన చీవాట్లు చాలా తిన్నాడు వైకుంఠరావు. ఏదీ ఇంటిదాకా వెంట రాలేదు. ఇది వచ్చింది. అన్నం దగ్గర కూర్చుంటే కూడా వచ్చింది. తను మంచి చేయబోయి ఆవిడకున్న ఒక్కటీ ఊడబెరికానని ఆయనకు తెలుసు, ఆ తెలియడం భరించలేకపోయాడు.

అటువంటి సమయంలో పరాంకుశరావుగారు పిలిచి కొత్త పని అప్పగించారు. రక్షిత ప్రకటన ఖరారు కావాలంటే, పాటతో సంబంధం ఉన్న మజ్జి పోలమ్మ అనే ఆవిడ తాను దాన్ని వినలేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. "సంతకమో వేలిముద్రో తీసుకురండి. పద్నాలుగో నిబంధన చూసుకోండి."

వైకుంఠరావు బస్సులో పద్నాలుగో నిబంధన చూసుకున్నాడు. 'ప్రమాణము చేయు వ్యక్తికి సదరు పాట ఏదియో నిస్సందేహముగా తెలియజేసిన పిమ్మటనే సంతకము తీసుకొనవలెను.' ఇంతకుముందు వేరే పాటల తాలూకు ఇలాంటి కాగితాల మీద వందలమంది చేత సంతకాలు పెట్టించాడు. పాట ఏదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నిబంధనను మూడుసార్లు చదివాడు. పాట ఏదో నిస్సందేహంగా తెలియజేయడానికి లోకంలో ఒకటే మార్గం ఉంది. వెనక్కి వెళ్ళి ఆఫీసు బీరువాలోంచి సీలు వేసిన యంత్రం తీసుకుని, తర్వాతి బస్సు ఎక్కాడు.

పోలమ్మ చెల్లెలి ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. సన్నగా, పొడుగ్గా, చురుకైన కళ్ళతో. ఒళ్ళో రేడియో ఉంది. ఆయన మండలి నుంచి వచ్చానని చెప్పగానే అందుకుంది.

"మీరేనా బాబూ గురువారం పేర్లు సదివీసి పాటెయ్యనోళ్ళు? ఆడగొంతు పేరు సెప్పీసి సల్లగా ఊరుకుంటాది. గుటక మింగడం కూడా ఇనిపిస్తాది నాకు."

"మీరు వింటారామ్మా అది?" వైకుంఠరావు నమ్మలేకపోయాడు. ఆర్నెల్లుగా మండలి లెక్కల్లో ఆ కార్యక్రమానికి శ్రోతలు లేరు.

"పోయిన గురువారం బోర గున్నమ్మ, గంగరాజుపేట సత్రం గచ్చు పాట అని సదివింది. ఈ పాట ఇనిపించట్నేదు అంది. ఇనిపించనప్పుడు పేరెందుకు సెప్పాల? అప్పట్నించి రేడియో కట్టనేదు నాను. నిద్దర్లో కూడా కట్టనేదు." అనేసి, ఎక్కువ మాట్లాడానని తోచిందేమో, మూతి బిగించుకుంది. "దాని పాట ఇనాలని కాదు. ఊరికే."

వైకుంఠరావు కాగితం తీసి చదివాడు. "మజ్జి పోలమ్మ అను నేను ఈ పాటను వినలేదని ప్రమాణపూర్వకముగా..."

"ఏ పాట?" అంది పోలమ్మ.

ఆయన లక్క సీలు విప్పి యంత్రం నొక్కాడు.

చెక్కల చప్పుడు వచ్చింది. గున్నమ్మ గొంతు వచ్చింది. పోలమ్మ తలుపేసుకోలేదు. చెవులు మూసుకోలేదు. చెయ్యి చాపి ఒళ్ళోని రేడియో కట్టేసింది.

ఎండ నెత్తిని కూర్చుందే, ఏం చేద్దామని అడిగింది గున్నమ్మ. నాలుగు దెబ్బలు. పోలమ్మ కదల్లేదు. మనకేది నీడని అడిగింది. నాలుగు దెబ్బలూ పోలమ్మ వేళ్ళు అరుగు మీద కొట్టాయి. గచ్చు గట్టిపడిపోతుందే, గొంతు ఏమవుతుందని అడిగింది. ఒక దెబ్బ. రెండు దెబ్బలు. మూడో దెబ్బ మీద పోలమ్మ ఎత్తుకుంది. సన్నని గొంతు, సూదిలాగా.

*గచ్చులోన దూరిపోద్దే, గదిలోనోళ్ళు ఇంటారే*

వైకుంఠరావు ప్రమాణపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగంలో ఉండగా అలా జరగడం ఇదే మొదలు కనుక ఏ నిబంధన కిందికి వస్తుందో తెలియక, తుడుచుకోకుండా ఊరుకున్నాడు.

"తాళం జారిపోతంది ముసల్దానికి" అంది పోలమ్మ. గొంతులో పొగరు తగ్గలేదు. "మూడో కాడ తొందరపడతంది. ఎప్పుడూ అంతే. ఎవులూ సెప్పరేటి దానికి? సత్రానికి పొద్దుట బస్సెన్నింటికి?"

మర్నాడు పొద్దున్న పోలమ్మ సత్రం మెట్లెక్కింది. గున్నమ్మ చూసింది, చూడనట్టు చెక్క తిప్పుతూ కూర్చుంది. పోలమ్మ ఆవిడ పక్కనున్న పిల్లను జరగమని, ఖాళీగా పడున్న ఒక చెక్క లాక్కుని, గొంతుకూర్చుంది.

"మూడో కాడ జారిపోతన్నావు" అంది గచ్చు వంక చూస్తూ.

"జవాబు సెప్పీవోళ్ళు పన్నెండేళ్ళు పత్తా నేకపోతే జారదేటి" అంది గున్నమ్మ, తనూ గచ్చు వంకే చూస్తూ.

"కుండ తన్నిందెవులు?"

"తన్నినాను. ఇప్పుడేటి, మళ్ళీ తెచ్చియ్యాలా?"

"అక్కర్నేదు. అడుగు."

గున్నమ్మ అడిగింది. పోలమ్మ చెప్పింది. ఎండ నెత్తిని కూర్చుందే అని ఆవిడంటే, *కూకుంటే కూకోనీయే, మనమూ కూకునే కొడతన్నాం* అని ఈవిడంది. మేడ మీద నవ్వు లేచింది. పన్నెండు చెక్కలు, పదమూడోది కలిసి, ఒక్క దెబ్బలా పడ్డాయి. మేస్త్రి గచ్చు తడిమి చూసి అక్కడే కూర్చుండిపోయాడు. కింద వీధిలో జనం పోగయ్యారు. కానిస్టేబులుకు ఇచ్చిన ఉత్తర్వులో పాడటం ఆపాలనీ ఉంది, వినడం ఆపాలనీ ఉంది. ముందు ఏది ఆపాలో ఎక్కడా లేదు. ఆ సంగతి పైవాళ్ళను అడిగి తెలుసుకోవాలని నిశ్చయించుకుని, అడిగేదాకా నీడన కూర్చుని విన్నాడు.

రెండోనాటికి జనం ఇంకా పెరిగారు. వైకుంఠరావు సిరా తీయలేదు, వేళ్ళు చూడలేదు. మూడోనాటికి ఆఫీసు నుంచి మనిషి వచ్చి సంజాయిషీ కాగితం చేతిలో పెట్టాడు. సీలు విప్పడం, రక్షిత అశ్రుతాన్ని బహిరంగంగా వినబడనిచ్చి మండలి ఏడాది కృషిని నాశనం చేయడం వగైరాలు పైన ఉన్నాయి. కింద మూడు ప్రశ్నలు, ఎదురుగా జవాబులకు ఖాళీ. మనిషి బయటే నిలబడ్డాడు, వెంటనే రాయించి తెమ్మన్నారట. నిలబడి నిలబడి, మెల్లిగా మెట్లెక్కి అతనూ పైకి పోయాడు.

వైకుంఠరావు సత్రం గదిలో, గచ్చు కొడుతున్న కప్పు కిందే కూర్చుని కలం తీశాడు. పైనుంచి దెబ్బలతో పాటు రెండు గొంతులూ కిందికి దిగుతున్నాయి.

'ఒకటి. సదరు పాటను మీరు స్వయముగా విన్నమాట నిజమేనా?'

నిజమే, అని రాశాడు.

'రెండు. నిజమైనచో, ఏ కారణము చేత వింటిరి?'

ఇరవై ఆరేళ్ళుగా ఏ సంజాయిషీకైనా రెండు పేజీలకు తక్కువ రాయని మనిషి. ఈసారి కలం కాగితం మీద పెట్టి, పైనుంచి వచ్చే ఒక చరణం విని, బాగుంది, అని రాశాడు.

'మూడు. వినుట ప్రారంభమైన వెంటనే లేచి వెళ్ళిపోవలసిన బాధ్యత ఉండియు, మీరు ఎందుకు వెళ్ళలేదు?'

వైకుంఠరావు ఎదురుగా ఉన్న ఖాళీలో రాశాడు. పాట ఇంకా అవలేదు.